నేలకు దిగిన కార్లు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 1958 జనవరి 1వ తేదీ నుండి ఒక చిన్న నిబంధన అమలులోనికి వచ్చినది. అక్కడి మోటారు వాహనముల చట్టములో అది 24008వ సెక్షనుగా ప్రసిద్ధి పొందినది. కారు మొదటి నిర్మాణమును మార్చి ఎత్తు తగ్గించిన వారికి ఆ నిబంధన ఒక హద్దు గీసినది. చక్రములు తప్ప కారులోని మరే భాగమును చక్రపు రిమ్ము కింది అంచు కంటె నేలకు దగ్గరగా ఉండరాదు. పోలీసువానికి కొలబద్ద కూడ అక్కరలేదు. రెండు రిమ్ముల అడుగున ఒక దారము పట్టి చూచిన చాలును. టైరులోని గాలి ఒక్కసారిగా పోయి కారు రిమ్ము మీద నిలిచినప్పుడు కూడ అడుగుభాగము రోడ్డును గీరకుండ ఉండునని ఈ కొలతకు న్యాయము చెప్పవచ్చును.

శాస్త్రరీత్యా ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కాని ఆ దారము ఎవరి కార్ల కింద పట్టినారన్నది వేరు ప్రశ్న.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత లాస్ ఏంజిలిస్ నగరపు తూర్పు పేటలలో మెక్సికను సంతతికి చెందిన కుటుంబములు ఎక్కువగా నివసించెడివి. యుద్ధములో పనిచేసి తిరిగి వచ్చిన యువకులకు కొత్త కారు కొను స్తోమతు లేదు. పాత షెవ్రొలే సెడాన్ కార్లు మాత్రము చౌకగా దొరికెడివి. వాటిని బాగుచేసుకొని, మెరయు రంగులు వేసి, ఎత్తు తగ్గించి, సాయంకాలములందు విట్టియర్ బూలెవార్డు అను రాజవీథిలో నెమ్మదిగా నడిపించుట వారికి వేడుకయు, గౌరవమును అయినది. అదే రోజులలో మరికొందరు అమెరికను యువకులు పాత కార్లను తేలిక చేసి, ఇంజను బలము పెంచి, పందెములు వేసెడివారు. వీరి పద్ధతి దానికి పూర్తిగా ఎదురు. తగ్గుగా పోవలెను, మెల్లగా పోవలెను. ఇట్టి కార్లకు లోరైడర్లు అని పేరు వచ్చినది. ఈ ‘మెల్లగా’ అను మాటలో ఠీవి ఎంత ఉన్నదో భౌతికశాస్త్రము కూడ అంత ఉన్నది. అది తెలియవలెనన్నచో కారు అసలు అంత ఎత్తున ఎందుకుండెనో ముందు చూడవలెను.

మన ఒంటెద్దు బండికి స్ప్రింగులు లేవు. రాయి ఎక్కిన దెబ్బ ఇరుసు మీదుగా కూర్చున్నవాని వెన్నుకు నేరుగా తగులును. జట్కాబండికి కమాను కట్టలుండును. ఆ తేడా రెండూ ఎక్కినవారికి చెప్పనక్కరలేదు. యూరపులో పూర్వము గొప్పవారి బండ్లను తోలు పట్టెలతో వేలాడదీసెడివారు. ఇంగ్లండులో ఒబదయా ఇలియట్ అను బండ్ల పనివాడు 1804లో అండాకారపు కమాను కట్టలకు పేటెంటు పొందినాడు. మోటారు కారు పుట్టినప్పుడు ఆ కమానులే దాని కిందికి వచ్చినవి. గట్టి ఇరుసు, దాని మీద కమాను, దాని మీద చట్రము, చట్రము మీద నేల, నేల మీద కుర్చీ. అంతస్తు మీద అంతస్తుగా కట్టిన ఈ మేడ ఎత్తు తగ్గుట ఎట్లు?

అన్నిటి కంటె ముఖ్యమైనది ఇరుసుకు చట్రమునకు మధ్యనున్న ఖాళీ. చూచువారికి అది వృథాగా పోయిన చోటువలె కనబడును. కాని గుంత తగిలినప్పుడు చక్రము పైకి లేచుటకు విడిచిన చోటు అదే. స్ప్రింగునకు అది పనిచేయు స్థలము.

రాబర్ట్ హుక్ 1676లో తన సూత్రమును పదునాలుగు అక్షరములను తారుమారు చేసి పొడుపుకథగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పినాడు. సాగుదల బలమునకు అనులోమానుపాతములో ఉండును. హైస్కూలు విద్యార్థి ఎవరైనను దీనిని స్ప్రింగుతో, తూకపు రాళ్లతో చేసి చూచినవాడే. ఆ ప్రయోగమునకు ఒక చిన్న పొడిగింపు చేసినచో మన కథకు పనికివచ్చును. ఒకే చుట్టలోనుండి కత్తిరించిన రెండు స్ప్రింగు ముక్కలు తీసుకొనుడు. ఒకటి రెండవదానిలో సగము పొడవు. ఒకే బరువు వ్రేలాడదీసినచో పొట్టిది సగమే సాగును. అనగా స్ప్రింగును కత్తిరించినచో అది పొట్టిదగుటయే కాదు, గట్టిది కూడ అగును. చుట్టల స్ప్రింగులోని తీగ వంగుట కంటె ఎక్కువగా పురి తిరుగును. ఎన్ని చుట్టలున్న అంత పొడవున ఆ పురి పంచుకొనబడును. చుట్టలు తగ్గినచో ఒక్కొక్క చుట్ట ఎక్కువగా తిరుగవలసి వచ్చును. తీగ మందము ఇంకను ఆశ్చర్యకరమైనది. మందమును రెట్టింపు చేసినచో గట్టిదనము పదునారు రెట్లగును.

ఇక లెక్క. ఒక్కొక్క స్ప్రింగు మీద 400 కిలోల భారము పడు సెడాను ఒకటి ఉన్నదనుకొందము. లెక్క తేలికకొరకు స్ప్రింగు చక్రము మీదనే నిలిచినట్లు భావింతము. స్ప్రింగునకు పనిచేయు చుట్టలు 8. భారము లేనప్పుడు పొడవు 40 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు నొక్కుటకు 20 కిలోలు కావలెను. 400 కిలోల కింద అది 20 సెంటీమీటర్లు కుంగి 20 సెంటీమీటర్ల ఎత్తున నిలుచును. అక్కడినుండి చక్రము ఇంకను 8 సెంటీమీటర్లు లేచినచో రబ్బరు దిమ్మకు తగులుననుకొందము.

ఇప్పుడు రెండు చుట్టలు కోసివేసినారు. పొడవు 30 సెంటీమీటర్లయినది. గట్టిదనము సెంటీమీటరునకు 26.7 కిలోలయినది. అదే భారము కింద 15 సెంటీమీటర్లు కుంగి 15 సెంటీమీటర్ల ఎత్తున నిలిచినది. కారు 5 సెంటీమీటర్లు దిగినది. కోరినది చేకూరినది. కాని రబ్బరు దిమ్మ వరకు ఉన్న చోటు 8 నుండి 3 సెంటీమీటర్లకు తగ్గినది.

స్ప్రింగు మింగుకొను శక్తి గట్టిదనమునకు అనులోమముగాను, నొక్కుడు దూరపు వర్గమునకు అనులోమముగాను ఉండును. మొదటి కారులో అది 20ని 64తో హెచ్చవేసి సగము చేసిన 640. రెండవ కారులో 26.7ను 9తో హెచ్చవేసి సగము చేసిన 120. స్ప్రింగు గట్టిపడినది నిజమే. అయినను గుంత దెబ్బను మింగుకొను శక్తి అయిదవ వంతు కూడ మిగులలేదు. పోయిన శక్తిని గట్టిదనముతోనే పూరింపవలెనన్నచో సెంటీమీటరునకు 142 కిలోల స్ప్రింగు వేయవలెను. మొదటిదానికి ఏడు రెట్లు! దాని మీద ప్రయాణము మళ్లీ ఒంటెద్దు బండి ప్రయాణమే.

గుంత మీద చక్రము పైకి లేచు వేగము కారు వేగమును బట్టి ఉండును. శక్తి వేగపు వర్గమును బట్టి ఉండును. కనుక ఉజ్జాయింపుగా చెప్పవలెనన్నచో, ఏ గుంతను మొదటి కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో దిమ్మ తగులకుండ దాటగలదో దానినే ఎత్తు తగ్గిన కారు 26 కిలోమీటర్ల వేగముతో దాటవలెను. విట్టియర్ బూలెవార్డు మీది నడక ఇంచుమించు ఈ వేగములలోనిదే. ఆ యువకులు ఈ లెక్క వేసి ఉండనక్కరలేదు. వారి నడుములకే అది తెలియును.

స్ప్రింగులు కోయకముందు వారు చేసిన పని ఇంకను సులభము. వెనుక సామాను పెట్టెలో ఇసుక బస్తాలు వేసెడివారు. ఒక్కొక్క స్ప్రింగు మీద 100 కిలోలు పెంచినచో మన లెక్కలోని కారు అదే 5 సెంటీమీటర్లు దిగును. ఇక్కడ ఒక తమాషా ఉన్నది. బస్తాలతో దిగిన కారు మెత్తనగును, కోతతో దిగిన కారు గట్టిపడును. స్ప్రింగు మీద కారు నిమిషమునకు ఎన్నిమార్లు ఊగునన్నది స్ప్రింగు ఎంత కుంగినదన్న దానిని మాత్రమే బట్టి ఉండును. 20 సెంటీమీటర్లు కుంగిన మొదటి కారు నిమిషమునకు సుమారు 67 మార్లు ఊగును. బస్తాల కారు 25 సెంటీమీటర్లు కుంగినది కనుక 60 మార్లు, కోసిన కారు 15 మాత్రమే కుంగినది కనుక 77 మార్లు ఊగును. బస్తాల కారు ఊయలవలె తేలిపోవును. అయితే బ్రేకులు, టైర్లు మోయవలసిన బరువు పెరిగినది. గుంత వచ్చినప్పుడు దిమ్మ తగులుటయు తప్పదు.

వెనుక కమాను కట్టలున్న కార్లలో ఇరుసుకు కమానుకు మధ్య ఇనుప దిమ్మెలు దూర్చి కూడ కారును దించెడివారు. ఇందులో స్ప్రింగునకు హాని లేదు, చోటు మాత్రము పోవును. అన్నిటిలోను చెడ్డ పద్ధతి మంటతో కాల్చుట. స్ప్రింగు ఉక్కును ముందు ఎర్రగా కాచి నూనెలో చల్లార్చి, పిదప తక్కువ వేడిమి వద్ద పదును సరిచేయుదురు. గ్యాసు మంటతో మరల కాల్చినచో ఆ పదును పోవును. స్ప్రింగు తానే కుంగును. ఆ రోజుకు పని అయినట్లే కనబడును గాని, ఏ చుట్ట ఎంత మెత్తబడినదో, మరునాడు ఇంకెంత కుంగునో చెప్పుట కష్టము. కుడి ఎడమలు సమానముగా రావు. మన మెకానిక్కులలో కొందరు ఈ పని చేయుట ఇప్పటికిని కలదు. విద్యార్థులు దీనిని స్థితిస్థాపకత పాఠమునకు చక్కని ప్రత్యుదాహరణముగా గుర్తుంచుకొనవచ్చును.

మరి కార్ల కంపెనీలు ఏమి చేసినవి? రోల్స్ రాయిస్ కంపెనీలో పనిచేసిన మారిస్ ఆలీ అను ఇంజనీరు 1930లో అమెరికాలోని క్యాడిలాక్ కంపెనీలో చేరినాడు. ఒక పెద్ద కారుకు ముందు వెనుకల బరువులు వ్రేలాడదీసి, వాటిని అటునిటు జరుపుచు, స్ప్రింగులు మార్చుచు, ఏ అమరికలో ప్రయాణము సుఖముగా నుండునో పరీక్షించినాడు. అప్పటి కార్లలో ముందు కమానులు గట్టివి, వెనుకవి మెత్తనివి. అది తలక్రిందుల పద్ధతి అని ఆలీ తేల్చినాడు. గుంత ముందు చక్రమునకు ముందుగా తగులును. వెనుక భాగము ఆలస్యముగా ఊగుట మొదలుపెట్టును. ముందుదానిని అందుకొనవలెనన్నచో వెనుకది కొంచెము త్వరగా ఊగవలెను. అనగా ముందు స్ప్రింగే ఎక్కువ మెత్తనిదై ఉండవలెను. గట్టి ఇరుసు మీద అంత మెత్తని స్ప్రింగు నిలువదు, స్టీరింగు వణకును. అందుచేత రెండు ముందు చక్రములను విడివిడిగా లేచునట్లు అమర్చి, 1934 నమూనా కార్లలో చుట్టల స్ప్రింగులు ప్రవేశపెట్టినారు. ఇరుసు తొలగుటతో ఇంజను ముందుకు, కిందికి జరుగుటకు వీలు చిక్కినది. సుఖము కొరకు చేసిన మార్పు ఎత్తును కూడ తగ్గించినది.

1948లో హడ్సన్ కంపెనీ మరొక అడుగు వేసినది. కారు నేలను చట్రము మీద పరచుటకు బదులు చట్రపు దూలముల మధ్యకు దించినది. తలుపు తీసి లోనికి అడుగు కిందికి వేయవలెను. ఆ కంపెనీలో రూపకల్పన శాఖకు పెద్ద ఫ్రాంక్ స్ప్రింగ్ అనునాయన. పేరు ఎంత బాగా కుదిరినదో! ఈ కారు గరిమనాభి కిందికి దిగినది, స్ప్రింగుల చోటు మాత్రము తగ్గలేదు. 1950 తరువాతి కొన్ని సంవత్సరములు అమెరికా పందెములలో హడ్సన్ కార్లు వరుసగా గెలుచుటకు ఇదియొక కారణము. చక్రముల వైపునుండి కూడ ఎత్తు తగ్గించినారు. 1957 నమూనాలో షెవ్రొలే కారు రిమ్ము వ్యాసము 15 అంగుళముల నుండి 14కు దిగినది.

కొత్త కారు కొనగలిగినవానికి ఎత్తు తగ్గుట ఈ విధముగా కార్ఖానాలోనే జరిగిపోయినది. పాత కారువానికి రంపము మిగిలినది. 1958 నిబంధన రంపము పట్టినవానికే వర్తించినది. దానిని మెక్సికను యువకులను రోడ్డు మీద ఆపుటకు సాధనముగా వాడినారని లోరైడర్ల చరిత్ర వ్రాసినవారు పలువురు చెప్పుదురు. దారముతో కొలిచిన కొలత న్యాయమైనదే కావచ్చును. ఏ పేటలో కొలువవలెనో నిర్ణయించుట మాత్రము శాస్త్రము చేసిన పని కాదు.

దీనికి జవాబు మరుసటి సంవత్సరమే వచ్చినది. దక్షిణ కాలిఫోర్నియాకు చెందిన రాన్ అగిరే అను యువకుడు 1959లో తన కార్వెట్ కారుకు విమానముల పాత సామానులోనుండి తెచ్చిన పంపులు, వాల్వులు అమర్చినాడు. మీట నొక్కినచో నూనె ఒత్తిడితో కారు పైకి లేచును, మరల నొక్కినచో దిగును. పాస్కల్ సూత్రమును పాఠశాలలో హైడ్రాలిక్ ప్రెస్సు బొమ్మతో చెప్పుదుము. ఇది అదే ప్రెస్సు. బ్యాటరీతో తిరుగు చిన్న పంపు నూనెను సిలిండరులోనికి నెట్టును, సిలిండరు స్ప్రింగు కొనను నెట్టును. పోలీసు ఎదురైనప్పుడు కారు రిమ్ము హద్దు కంటె పైకి లేచి నిలుచును. అతడు పోయిన తరువాత దిగును. చట్టము ఎత్తును స్థిరమైన సంఖ్యగా భావించినది. అగిరే దానిని చలరాశిగా మార్చినాడు.

న్యాయముగా చెప్పవలెనన్నచో ఎత్తు మార్చుకొను కారు అప్పటికే ఫ్రాన్సులో ఉన్నది. 1955లో పారిస్ ప్రదర్శనలో సిట్రొయెన్ డి.ఎస్. కారు వెలువడినది. దానిలో పాల్ మాజెస్ అను ఇంజనీరు ఉక్కు స్ప్రింగులకు బదులు నూనెతో నెట్టబడు వాయువును వాడినాడు. ఆ కారు చెడ్డ రోడ్డు మీద ఎత్తుకు లేచుటకు కట్టినది. లాస్ ఏంజిలిస్ కారు మంచి రోడ్డు మీద దిగుటకు కట్టినది.

అటుపిమ్మట లోరైడర్లకు ప్రియమైన కారు షెవ్రొలే ఇంపాలా. 1958 నుండి 1964 వరకు ఆ కార్ల చట్రము ఇంగ్లీషు ఎక్స్ అక్షరపు ఆకారములో ఉండెను. నాలుగు చక్రములకును చుట్టల స్ప్రింగులే. సిలిండరు బిగించుటకు కమాను కట్ట కంటె చుట్టల స్ప్రింగు ఎంతో అనువైనది. జెస్సీ వలాడెజ్ ఎర్ర గులాబీలు చిత్రింపించిన 1964 ఇంపాలా ‘జిప్సీ రోజ్’ అను పేరుతో ప్రఖ్యాతి పొందినది. 2017లో దానిని వాషింగ్టన్ నగరపు నేషనల్ మాల్ మైదానములో చారిత్రక వాహనముగా ప్రదర్శించినారు.

పాత సెడానును దించదలచినవారికి నేడు కోత అవసరము లేదు. తగిన పొట్టి స్ప్రింగులే తయారగుచున్నవి. జర్మనీలో 1951లో స్థాపించబడిన ఐబాఖ్ వంటి కంపెనీలు ఇందుకు పేరు పొందినవి. కొన్ని స్ప్రింగులలో కొన్ని చుట్టలను దగ్గరగా చుట్టుదురు. 8 చుట్టలలో 3 అట్టివి అనుకొనుడు. చిన్న కుదుపులకు ఎనిమిదియు పనిచేయును, స్ప్రింగు మెత్తగా ఉండును. దెబ్బ పెద్దదైనప్పుడు ఆ మూడును ఒకదానికొకటి తగిలి మూసుకొనును. మిగిలిన అయిదే పనిచేయును, గట్టిదనము 1.6 రెట్లగును. మిగిలిన కొద్ది చోటును పొదుపుగా వాడుకొను ఉపాయమిది. గట్టి స్ప్రింగు ఎక్కువ బలముతో తిరిగి తన్నును గనుక షాక్ అబ్జార్బర్లను కూడ మార్చవలెను.

చక్రముల సంగతిలో చాలమందికి ఒక భ్రమ ఉన్నది. పెద్ద రిమ్ములు వేసినచో కారు ఎత్తు పెరుగుననుకొందురు. 13 అంగుళముల రిమ్ము మీద 175 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి 70 వంతుల గోడ ఎత్తు గల టైరు ఉన్నదనుకొనుడు. మొత్తము వ్యాసము 575 మిల్లీమీటర్లు. 15 అంగుళముల రిమ్ము మీద 195 మిల్లీమీటర్ల వెడల్పు, నూటికి 50 వంతుల గోడ గల టైరు వేసినచో 576. తేడా ఒక మిల్లీమీటరు. స్పీడు మీటరు కూడ తప్పు చూపదు. మారినది టైరు గోడ. 122 మిల్లీమీటర్లున్నది 97 అయినది. టైరులోని గాలియు ఒక స్ప్రింగే. దాని చోటు కూడ తగ్గినది. మలుపులో టైరు తక్కువగా వంగును, కాని గుంత అంచు తగిలినచో రిమ్ము సొట్టపోవును.

ఇంత చేసి లభించునదేమి? మన 1600 కిలోల సెడాను గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రముల మధ్య దూరము ఒకటిన్నర మీటరు ఉన్నదనుకొందము. గురుత్వ త్వరణములో సగము త్వరణముతో మలుపు తిరిగినప్పుడు లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు 293 కిలోల భారము మారును. 5 సెంటీమీటర్లు దించిన తరువాత 267 కిలోలు మారును. లాభము ఉన్నది గాని ప్రచారము చేసినంత లేదు. అందము కొరకు దించుచున్నామని ఒప్పుకొనిన లాస్ ఏంజిలిస్ యువకులే నిజాయితీపరులని నాకు తోచును.

మన దేశములో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు ముందు భాగములో చుట్టలే లేవు. పొడవైన ఉక్కు కడ్డీ పురి తిరుగుటయే దాని స్ప్రింగు. చుట్టను విప్పి నిటారుగా చేసినట్లన్నమాట. మన రోడ్లకు ఆ ఎత్తు తగినదే. వాహనపు మూల నిర్మాణ వివరములకు భిన్నమైన మార్పులను 1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు కూడ దానిని దృఢపరచినది.

కాలిఫోర్నియాలో కథ వేరుగా నడిచినది. రాజవీథులలో మెల్లగా తిరుగుటను నిషేధించు అధికారము 1980 తరువాతి కాలములో నగరములకు లభించినది. పెక్కు నగరములు దానిని వాడుకొన్నవి. లోరైడర్ల సంఘములు ఏండ్ల తరబడి దీనికి వ్యతిరేకముగా పనిచేసినవి. 2023 అక్టోబరులో రాష్ట్ర గవర్నరు ఒక కొత్త చట్టము మీద సంతకము చేసినాడు. 2024 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. నగరముల నిషేధాధికారముతోపాటు, 1958 నాటి రిమ్ము అంచు కొలతయు దానితో రద్దయినది.